అమ్మ ఉంది, ఇల్లుంది, పిల్లలు మాత్రం అనాథాశ్రమంలో ఉన్నారు. తిరిగి తెచ్చుకోవడం ఎలా?

పలకల ఊరివాడు
జూన్ 1, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం దగ్గర పల్లె. మా వీధిలో ఒకమ్మాయి ఉంది, నాకు వరసకు చెల్లెలు. కొన్నేళ్ల కిందట భర్త చనిపోయాడు. అప్పులవాళ్ల పోరు పడలేక హైదరాబాద్‌లో భవనాల పనికి వెళ్లింది. పని జరిగే చోట రేకుల షెడ్డులో పిల్లల్ని పెట్టుకోలేక, తెలిసినవాళ్ల మాట మీద ఇద్దరినీ కోస్తాలో వేరే జిల్లాలో ఉన్న ఒక అనాథాశ్రమంలో చేర్చింది. పాపకు ఇప్పుడు పదకొండేళ్లు, బాబుకు ఎనిమిది.

ఇప్పుడు ఊరికి వచ్చేసింది. అప్పు తీరింది. వితంతు పింఛను నెలకు 4,000 వస్తోంది, బట్టలు కుడుతోంది, వాళ్లమ్మ కూడా తోడుంది. బడులు తెరిచేలోగా పిల్లల్ని తెచ్చుకోవాలని ఆశ. నిర్వాహకుడిని అడిగితే, "పదో తరగతి దాకా ఇక్కడే ఉంచుతానని సంతకం పెట్టావు, మధ్యలో తీసుకెళ్తే ఇన్నేళ్ల ఖర్చు కట్టాలి" అన్నాడట. బెదిరిపోయి వెనక్కి వచ్చింది. దానికి తోడు పాప ఫోనులో ముభావంగా ఉంటోంది. "నేను రాను" అని కూడా అందట.

సంతకం పెట్టినందుకు తల్లికి హక్కు పోయినట్టేనా? ఎవరిని కలవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


కొబ్బరాకు
జూన్ 1, ఉదయం 8.02

ముందు ఆ మనిషి మీద పోలీసు కేసు పెట్టండి. కన్నతల్లి బిడ్డల్ని అడిగితే ఖర్చు కట్టమంటాడా?


తులసికోట
జూన్ 1, మధ్యాహ్నం 2.35

పలకల ఊరివాడు గారూ, నేను ఒక జిల్లాలో బాలల సంక్షేమ సమితి (సంరక్షణ అవసరమైన పిల్లలు ఎక్కడ ఉండాలో చట్టప్రకారం తేల్చే కమిటీ) సభ్యురాలిగా పనిచేశాను. ఇలాంటి తల్లుల్ని చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆ సంతకానికి చట్టంలో విలువ లేదు. బిడ్డను శాశ్వతంగా వదులుకోవాలంటే తల్లి స్వయంగా సమితి ముందుకు వచ్చి పత్రం రాసివ్వాలి. అలా రాసిచ్చాక కూడా మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. చదువు కోసమో, కష్టకాలం గడవడం కోసమో ఆశ్రమంలో ఉంచిన బిడ్డ మీద తల్లి హక్కు ఎక్కడికీ పోదు. ఖర్చు కట్టమనడం కేవలం బెదిరింపు. ఆ మాట మళ్లీ అంటే కాగితం మీద రాసి ఇమ్మనండి, ఇవ్వడు.

కొబ్బరాకు గారి కోపం నాకు అర్థమవుతుంది. అయినా పోలీసు స్టేషనుతో మొదలుపెట్టవద్దని నా సలహా. పిల్లలు ఇంకా ఆ గోడల లోపలే ఉన్నారు. మనం ఇక్కడ చూపించే ఆవేశం తాలూకు ఫలితం అక్కడ వాళ్ల మీద పడుతుంది.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి. చేరిన ప్రతి బిడ్డనూ 24 గంటల్లో (ప్రయాణ సమయం కాకుండా) సమితి ముందు హాజరుపరచాలి. సమితి ఉత్తర్వు ఉంటేనే బిడ్డ అక్కడ ఉండాలి. కాబట్టి మీరు మొదట తెలుసుకోవలసినవి రెండు: ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉందా, ఈ పిల్లల పేరిట ఉత్తర్వు ఉందా. రెండూ ఆ జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో చెబుతారు. రిజిస్ట్రేషన్ లేకుండా నడుపుతుంటే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ సంగతి అధికారులు చూసుకుంటారు, మీ చెల్లెలు పోట్లాడనక్కర్లేదు.

ఉత్తర్వు ఉంటే, ఆశ్రమం ఉన్న జిల్లాలోని సమితికే ఆమె అర్జీ పెట్టాలి. తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. వకీలు అక్కర్లేదు, రుసుము లేదు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, భర్త మరణ ధ్రువపత్రం, పింఛను కాగితం జతచేయండి. పిల్లలతో కలిసి దిగిన పాత ఫొటో ఒకటి ఉంటే అదీ పెట్టండి. సమితి మీ జిల్లాకు రాసి ఇంటి పరిస్థితి మీద దర్యాప్తు నివేదిక తెప్పిస్తుంది. సామాజిక కార్యకర్త ఊరికి వచ్చి ఇల్లు చూస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దని ఆమెకు ముందే చెప్పండి. పిల్లలతో సమితి విడిగా మాట్లాడుతుంది. ఆ తర్వాత పంపే ఉత్తర్వు ఇస్తుంది.

పాప రానంటోందని రాశారు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో బరువైన మాట అదే. దాని గురించి విడిగా రాస్తాను.


వేదిక నిర్వాహకులు
జూన్ 1, మధ్యాహ్నం 3.00

ఒక మనవి. పిల్లల పేర్లు, ఫొటోలు, బడి పేరు, ఆశ్రమం పేరు ఇక్కడ రాయకండి. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే చట్టంలోని 74వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. కింద ఒకరు పెట్టిన ఫొటో తొలగించాం.


నల్లమల నీడ
జూన్ 1, రాత్రి 9.48

అందరూ తల్లీబిడ్డలు అంటూ కరిగిపోతున్నారు గానీ, నేనొక అప్రియమైన మాట అడుగుతాను. ఆ పిల్లలు అక్కడ మూడు పూటలా తింటున్నారు, చదువుకుంటున్నారు. పల్లెకు తెస్తే ఆ పాపకు మూడేళ్లలో పెళ్లి చేసేయరని నమ్మకం ఏమిటి? మా వైపు అలాంటివి చూశాను. పేదరికంలోకి తిరిగి తోయడమేనా కుటుంబానికి చేర్చడం అంటే?


సైకిల్ చైన్
జూన్ 1, రాత్రి 11.20

నల్లమల నీడ గారూ, నేను ఏడేళ్ల వయసు నుంచి పద్నాలుగో ఏడు దాకా అలాంటి చోటే పెరిగాను. మీరు అన్న మూడు పూటల తిండీ నిజమే. మమ్మల్ని ఎవరూ కొట్టలేదు కూడా. అందుకే నా మాట కాస్త వినండి.

ఇంటికి వచ్చాక మా అమ్మ నన్ను ఉప్పు తెమ్మని కొట్టుకు పంపింది. డబ్బులిచ్చి, ఉప్పు తీసుకుని వచ్చేశాను. చిల్లర ఏదిరా అంటే నాకు అర్థం కాలేదు. అప్పటిదాకా డబ్బు నా చేతిలో ఎప్పుడూ లేదు. అన్నం వేళకు పళ్లెం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి, ఎవరో వరసలో పిలుస్తారని. అక్కడ లేవడానికి గంట, తినడానికి గంట, పడుకోవడానికి గంట. ఇంట్లో గంట లేదు. మా అమ్మ నన్ను చూసి ఏడ్చేది, నాకేమో ఆమె ఎందుకు ఏడుస్తోందో తెలియక విసుగు వచ్చేది. ఆమెను 'మీరు' అని పిలిచేవాణ్ణి.

ఊళ్లో పిల్లలు ఆశ్రమం పిల్లోడు అనేవాళ్లు. ఆశ్రమం ఉన్న ఊళ్లో బడి పిల్లలూ అదే మాట అనేవాళ్లనుకోండి.

నన్ను పంపేముందు ఎవరూ నాతో మాట్లాడలేదు. ఒక పొద్దున పెట్టె సర్దుకోమన్నారు, సాయంత్రానికి మా ఊళ్లో ఉన్నాను. తర్వాత ఒక ఆఫీసరమ్మ వచ్చి సంతకం తీసుకుని వెళ్లారు, మళ్లీ ఎవరూ రాలేదు. ఆ మొదటి ఏడాదిలో రెండుసార్లు పారిపోవాలనుకున్నాను. మా మేనత్త పట్టుదల వల్ల నిలబడ్డాను. ఇప్పుడు కరెంటు పని చేసుకుంటున్నాను, అమ్మ నా దగ్గరే ఉంది.

ఇంటికి పంపడం తప్పంటారా అని ఎవరైనా అడిగితే, తప్పనను. పంపిన తీరు తప్పు. ఈ పాప రానంటోందంటే అమ్మ మీద ప్రేమ లేక కాదు. అక్కడ ఆమెకు ఒక స్నేహితురాలు ఉండి ఉంటుంది, ఒక మంచం ఉంటుంది, రేపు ఏం జరుగుతుందో తెలుసు. ఇక్కడ ఏముందో తెలియదు. అంతే.


పాలమూరు పిల్ల
జూన్ 2, ఉదయం 6.55

సైకిల్ చైన్ గారు రాసినది చదివి నిద్ర పట్టలేదు. నేను తెలంగాణలో ఈ రంగంలోనే పనిచేస్తున్నాను.

ఒక్క ఉదయంలో పెట్టె సర్దించి పంపేసిన సంఘటన ఆయన ఒక్కడిదే కాదు, దేశం మొత్తం మీద ఒకసారి జరిగింది. కరోనా మొదలైనప్పుడు దేశంలోని సంస్థల్లో 2,27,518 మంది పిల్లలు ఉంటే, 2020 డిసెంబరు నాటికి వాళ్లలో 1,45,788 మందిని ఇళ్లకు పంపేశారని సుప్రీంకోర్టు ముందు లెక్క వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు రాసింది, సంస్థల్లోని పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చాలని. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. వంద రోజులట! ఒక్క పాపను ఒప్పించడానికే వంద రోజులు పట్టే సందర్భాలు ఉంటాయి. సుప్రీంకోర్టు మాత్రం ఇంటికి వెళ్లిన పిల్లల చదువుకు నెలకు రెండు వేలు ఇవ్వాలని, వాళ్లకు చదువు చెప్పే ఏర్పాటు చేయాలని ఆదేశించింది. అది మంచి ఆదేశం. అందినచోట అందింది.

దానికంటే ముందు సంగతి. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలో గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లల్ని పోలీసులు బయటికి తెచ్చారు. ఎక్కువమంది బిహార్ పిల్లలు. రైలెక్కించి పంపారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఆ పిల్లల్ని పనికి పంపింది ఇంట్లో ఉన్న అప్పు. అప్పు అక్కడే ఉండగా బిడ్డను అదే గడప ముందు దించితే ఏమవుతుందో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అంటూ దాడులు జరుగుతూనే ఉన్నాయి. కాపాడిన పిల్లల సంఖ్య మర్నాడే ప్రకటిస్తారు. ఏడాది తర్వాత వాళ్లలో ఎంతమంది బడిలో ఉన్నారన్న సంఖ్య మాత్రం ఎక్కడా కనిపించదు.

కాబట్టి నల్లమల నీడ గారి ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. జవాబు మాత్రం ఆయన అనుకున్నది కాదు. పేదరికమే సమస్య అయితే డబ్బు ఇంటికి పంపాలి, బిడ్డను ఇంటి నుంచి పంపకూడదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి ఇచ్చే సాయం ఉంది. నెలకు 4,000, బిడ్డ బడికి వెళ్తూ ఉండాలి. వితంతువుల పిల్లలు మొదటి వరసలో అర్హులు. ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు మించకూడదు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. సంస్థ నుంచి ఇంటికి వచ్చే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. చాలా ఊళ్లలో ఈ సంగతి తెలిసిన తల్లే ఉండదు.


డాలస్ బాబాయి
జూన్ 2, రాత్రి 10.15

ఈ చర్చ చదువుతుంటే ఆశ్రమాలన్నీ దొంగల అడ్డాలన్నట్టు ఉంది. మేము ఇక్కడ కొందరం తెలుగువాళ్లం కలిసి కృష్ణా జిల్లాలో ఒక ఆశ్రమానికి చాలా ఏళ్లుగా సాయం చేస్తున్నాం. మా పిల్లల పుట్టినరోజులకు అక్కడ భోజనాలు పెట్టిస్తాం, బట్టలు పంపుతాం. వెళ్లినప్పుడు ఆ పిల్లలు చుట్టూ చేరి "అంకుల్, మళ్లీ ఎప్పుడొస్తారు" అని అడుగుతారు. ఆ అనాథలకు మేము చేసేది కూడా తప్పేనా?


పాలమూరు పిల్ల
జూన్ 2, రాత్రి 11.05

బాబాయి గారూ, మీ మనసును తప్పుపట్టడం లేదు. కానీ 'అనాథలు' అన్నారు, ఎంతమందో ఎప్పుడైనా అడిగారా? కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2016-17లో దేశమంతా లెక్క తీయించింది. సంస్థల్లో సంరక్షణ అవసరమైన పిల్లలు దాదాపు 3 లక్షల 70 వేలు. వాళ్లలో అనాథలుగా నమోదైనవాళ్లు సుమారు 42 వేలు. తల్లి మాత్రమే లేదా తండ్రి మాత్రమే ఉన్న పిల్లలు లక్షా 20 వేలు. అంటే ఆశ్రమంలో ఒక నిజమైన అనాథ పక్కన, తల్లో తండ్రో బతికి ఉన్న బిడ్డలు దాదాపు ముగ్గురు ఉన్నారు.

దాత వచ్చి అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది పిల్లలున్నారు?" యాభై మంది అంటే యాభై జతల బట్టలు. ముప్ఫయి మంది ఇంటికి వెళ్లిపోయారంటే మీ చందా తగ్గుతుంది. ఖాళీ మంచం నిర్వాహకుడికి నష్టం. ఇక్కడ దొంగతనం కూడా అక్కర్లేదు, మంచివాడైనా పిల్లల్ని పట్టుకునే కూర్చుంటాడు. కంబోడియాలో విదేశీ పర్యాటకుల దయ మీద ఆశ్రమాలు ఇలాగే పుట్టుకొచ్చి, ఇల్లున్న పిల్లలతో నిండాయి. ఆ ప్రభుత్వం తర్వాత పిల్లల్ని ఇళ్లకు పంపే పని తలకెత్తుకోవలసి వచ్చింది.

ఇంకో మాట, కటువుగా ఉంటే మన్నించండి. ముక్కూమొహం తెలియని మనిషి చుట్టూ చేరి మళ్లీ ఎప్పుడొస్తారని అడిగే బిడ్డను చూసి మాకు సంతోషం కలగదు, భయం వేస్తుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ చేయి అందించే పిల్లలకు ఎవరూ నిలకడగా లేరని అర్థం. రుమేనియాలో 2000లో మొదలైన ఒక దీర్ఘకాల పరిశోధనలో, ఆశ్రమాల్లోని పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి చూశారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల ఎదుగుదల మెరుగుపడింది. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది.


డాలస్ బాబాయి
జూన్ 3, ఉదయం 5.40

సరే అమ్మా. అయితే నా డబ్బు ఎక్కడ పెట్టమంటారు? ఇది వెటకారంగా అడగడం లేదు.


ఆశ్రమం అన్నయ్య
జూన్ 3, ఉదయం 9.25

దీనికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే నేను నడిపేది అలాంటి సంస్థే. రిజిస్టర్ అయినది, లెక్కలు చూపించేది. పైన మమ్మల్ని అన్న మాటల్లో కొన్ని గుచ్చుకున్నాయి. నిజం కాబట్టి గుచ్చుకున్నాయనుకోండి.

మా దగ్గర పిల్లలు ఎలా చేరారో చెబుతాను. 2000 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. తండ్రి పోయి, తల్లి మంచాన పడి, బంధువులు ముట్టుకోని పిల్లల్ని ఎవరో ఒకరు తీసుకోవలసిన రోజులు అవి. తర్వాత మందులు వచ్చాయి, తల్లులు బతికారు, మా భవనాలు మిగిలిపోయాయి. ఖాళీలు నింపుకోవడానికి పేదవాళ్ల పిల్లల్ని చేర్చుకోవడం చాలాచోట్ల అప్పుడే అలవాటైంది.

బాబాయి గారూ, పుట్టినరోజు భోజనానికి బదులు తల్లుల బస్సు చార్జీలు ఇవ్వండి. నవ్వకండి. ఒక తల్లి ప్రకాశం నుంచి వచ్చి బిడ్డను చూసి వెళ్లాలంటే ఒక రోజు కూలీ పోతుంది, పైన చార్జీలు. అందుకే ఏడాదికి ఒకసారి సంక్రాంతికి వస్తుంది, మధ్యలో బంధం పలచబడుతుంది. రెండోది, ఇంటికి వెళ్లిన బిడ్డను చూసి రావడానికి ఒక సామాజిక కార్యకర్త జీతం. దీనికి దాతలు దొరకరు. గోడ మీద పేరు చెక్కించడానికి దొరుకుతారు. మా సంస్థలో ఈ పనికి ఒకామె ఉంది, రెండేళ్లపాటు ఇల్లిల్లూ తిరుగుతుంది. ఆమె లేకపోతే నేను ఒక్క బిడ్డను కూడా ధైర్యంగా పంపలేను. మీరు సాయం చేసే ఆశ్రమాన్ని ఈసారి ఒక్కటే అడగండి: పోయిన ఏడాది ఎంతమంది పిల్లలు ఇంటికి వెళ్లారు, వాళ్లు ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు? తడుముకోకుండా చెబితే మంచి సంస్థ.

ఒకటి మాత్రం ఒప్పుకోండి. ఇంటికి పంపకూడని పిల్లలు ఉన్నారు. సొంతవాళ్లే పాడుచేసిన ఆడపిల్లలు నా దగ్గర ఉన్నారు. కుటుంబమే మంచిదని ఎవరైనా గుడ్డిగా అంటే నాకు ఒళ్లు మండుతుంది.


తులసికోట
జూన్ 3, సాయంత్రం 5.10

ఆశ్రమం అన్నయ్య గారి చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. చట్టం సంస్థను చివరి మార్గం అంటుంది. అదే చట్టం బిడ్డను అప్పగించేముందు ఆ తల్లిదండ్రులు తగినవాళ్లో కాదో తేల్చమని కూడా అంటుంది. రెండూ ఒకే చట్టంలోవి.

మా సమితిలో మేము నివేదిక చదివేటప్పుడు ఆదాయం కాలమ్ కంటే ముందు ఇంట్లో ఎవరెవరు పడుకుంటారో చూసేవాళ్లం. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుందా, ఆ మనిషి ఎలాంటివాడు, మేనమామ తాగి వస్తాడా, తల్లి పనికి పోయాక పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది. నివేదికలో 'కుటుంబ వాతావరణం బాగున్నది' అని ఒక్క ముక్క రాసుకొస్తే వెనక్కి పంపేదాన్ని. పల్లెలో నిజం తెలియాలంటే అంగన్‌వాడీ కార్యకర్తను అడగాలి, ఆమెకు తెలియనిది ఉండదు. నల్లమల నీడ గారూ, బాల్యవివాహం భయం ఉన్నచోట ఉత్తర్వులోనే ఆ సంగతి రాసి, సచివాలయంలోని మహిళా పోలీసుకూ బడి ప్రధానోపాధ్యాయుడికీ తెలియజేసేవాళ్లం. తల్లి చేత హామీపత్రం రాయించేవాళ్లం. పెళ్లి మాట వినగానే ఆ పిల్లే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేసేలా ఆ నంబరు ఆమె చేత కంఠతా పట్టించేవాళ్లం.

ఇక ఈ పాప సంగతి. రానంటున్న బిడ్డను లాక్కురాకూడదు. రానంటోంది కదా అని వదిలేయనూ కూడదు. "అమ్మ నన్ను వదిలేసింది" అనే మాట ఆమెలో ఉండిపోయి ఉంటుంది. తల్లి వారానికి ఒకసారి, చెప్పిన రోజునే, చెప్పిన వేళకే ఫోను చేయాలి. "వచ్చేయి" అనకూడదు. ఏం తిన్నావు, ఎవరితో ఆడుకున్నావు, అంతే. తర్వాత వెళ్లి చూడాలి, ఉత్తచేతులతో వెళ్లినా ఫరవాలేదు, చెప్పిన తేదీకి వెళ్లాలి. ఆ తర్వాత సమితి అనుమతితో కొద్ది రోజుల సెలవు మీద ఇంటికి. చట్టంలో సెలవు ఏర్పాటు ఉంది, మామూలుగా ఒక దఫాకు ఏడు రోజులు మించదు. ఇల్లు చూశాక పిల్లలు మారతారు. మారకపోతే ఎందుకో అడగాలి, ఆ కారణంలో మనకు తెలియని సంగతి ఉండవచ్చు. అది ఆశ్రమంలో జరుగుతున్నది కావచ్చు, ఇంట్లో ఒకప్పుడు జరిగినది కావచ్చు.


కువైట్ ఎండ
జూన్ 4, తెల్లవారుజామున 2.30

నేను రాయచోటి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంటిపనిలో ఉన్నాను. నా కొడుకు కూడా అలాంటి చోటే ఉన్నాడు, మా అత్తమ్మకు చేతకాక చేర్చింది. నేను దూరదేశంలో ఉన్నానని వాడిని ఎవరికైనా దత్తతకు ఇచ్చేస్తారా? రోజూ ఇదే భయం.


తులసికోట
జూన్ 4, ఉదయం 6.20

అంత తేలిగ్గా ఇవ్వరమ్మా, భయపడకు. తల్లి బతికి ఉండి, ఎక్కడుందో తెలిసి, బిడ్డను వదులుకుంటున్నానని సమితి ముందు రాసివ్వనంతవరకు మామూలుగా దత్తతకు ఇవ్వరు. అయితే నువ్వున్నావని కాగితం మీద ఉండాలి. ఆ జిల్లా సమితికి నీ పేరు, నీ ఫోను నంబరు, బిడ్డ వివరాలు రాసి పంపు, మీ అత్తమ్మ చేత కూడా ఇప్పించు. ఆశ్రమానికి ఫోను చేసినప్పుడల్లా రిజిస్టరులో రాయమని అడుగు. వివరాలు ఇక్కడ రాయవద్దు, నాకు విడిగా సందేశం పెట్టు.


లెక్కల మాస్టారు
జూన్ 4, రాత్రి 8.45

అందరూ పెద్ద పెద్ద విషయాలు రాశారు, నేను బడి సంగతి చెబుతాను. పిల్లలు తిరిగొచ్చాక ముందుగా తెగేది చదువే.

టీసీ ఇవ్వకుండా ఏడిపించే ఆశ్రమం బడులు ఉన్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, వెనకబడిన చోట విడిగా చెప్పాలి. ఏ ప్రధానోపాధ్యాయుడైనా కాదంటే మండల విద్యాధికారికి (ఎంఈవో) చెప్పండి. ఆధార్‌లో ఆశ్రమం చిరునామా ఉంటుంది, దాన్ని మార్పించండి. అయిదేళ్లు దాటిన బిడ్డకు వేలిముద్రలు నవీకరించారో లేదో చూసుకోండి. లేకపోతే రేషన్ కార్డులో పేరు ఎక్కదు, బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బూ ఆగుతుంది. పోయిన ఏడాది తల్లుల ఖాతాల్లో పడిన 13 వేలు ఇలాంటి చిన్న చిక్కులతోనే మా బడిలో కొందరికి ఆలస్యమయ్యాయి.

ఆశ్రమంలో ఇంగ్లీషు మీడియం చదివి, పల్లె బడిలో ఇమడలేమని ఏడ్చే పిల్లలు ఉంటారు. ఆడపిల్లకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా విద్యాలయం (హాస్టలు ఉన్న ప్రభుత్వ బడి) ఒక దారి. సెలవులకు అమ్మ దగ్గరికి వచ్చిపోయే హాస్టలు వేరు, అమ్మ ఉన్నా లేనట్టు ఉంచే ఆశ్రమం వేరు.


సైకిల్ చైన్
జూన్ 4, రాత్రి 9.30

మాస్టారూ, ఇంకొకటి కలపండి. బిడ్డ ఏవైనా మందులు వాడుతుంటే ఆ చీటీ, ఆసుపత్రి కార్డు తప్పకుండా తేవాలి. నాతోపాటు ఇంటికి పంపిన ఒక అబ్బాయికి మూర్ఛ ఉండేది. ఆశ్రమంలో రోజూ మాత్ర వేసేవాళ్లు. ఇంట్లోవాళ్లకు ఆ సంగతే చెప్పలేదు.


పలకల ఊరివాడు
జూన్ 21, రాత్రి 8.15

అందరికీ పెద్ద నమస్కారం. ఏం జరిగిందో చెబుతాను.

ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉంది. పిల్లల పేరిట ఉత్తర్వు కూడా ఉంది, మా చెల్లెలికి ఆ సంగతే తెలియదు. బాలల పరిరక్షణ విభాగం నుంచి ఆశ్రమానికి ఫోను వెళ్లాక ఖర్చు మాట మళ్లీ వినిపించలేదు. నిర్వాహకుడు "నేను అలా అనలేదు, ఆమె తప్పుగా అర్థం చేసుకుంది" అన్నాడు. సరే, పోనిచ్చాం.

అర్జీ పెట్టించాను. మా మండలం నుంచి ఒకామె వచ్చి ఇల్లు చూసి వెళ్లారు. మా చెల్లెలి తల్లి, అంటే మా పెద్దమ్మతో చాలాసేపు మాట్లాడారు, పక్కింటివాళ్లను కూడా అడిగారు. మా చెల్లెలికి కొంచెం సిగ్గుగా అనిపించినా, మీరు ముందే చెప్పి ఉంచారు కాబట్టి తట్టుకుంది. వారం వారం ఫోను కూడా చేస్తోంది. మొదటి రెండు వారాలు పాప "ఊ" అనడమే. మొన్న మాత్రం తనే అడిగిందట, మన ఇంటికి తలుపు పెట్టించావా అని. వాళ్లు వెళ్లేనాటికి ఆ ఇంటికి తలుపు లేదు, గోనెపట్టా ఉండేది. పెట్టించిందని చెప్పింది.

సమితి వాళ్లు బాబును వెంటనే పంపుతామన్నారు. పాప మాత్రం తన స్నేహితురాలితోపాటు దసరా దాకా అక్కడే ఉంటానంది. ఏం చేయాలి? బాబును ఇప్పుడే తెచ్చుకోమంటారా?


ఆశ్రమం అన్నయ్య
జూన్ 21, రాత్రి 9.00

బాబును తెచ్చుకోండి. ఎనిమిదేళ్లవాడికి ప్రతి నెలా విలువైనదే.


తులసికోట
జూన్ 22, ఉదయం 6.40

నేను ఒప్పుకోను. అన్నయ్య గారూ, ఇన్నేళ్లూ ఆ పాప వాడికి అమ్మలా ఉంది. తమ్ముణ్ణి తీసుకెళ్లిపోతే తనను రెండోసారి వదిలేశారనుకుంటుంది. వాడు కూడా అమ్మ దగ్గర కంటే అక్క కోసమే ఎక్కువ ఏడుస్తాడు. ఇద్దరినీ కలిపి సెలవు మీద పంపమని సమితిని అడగండి. వారం ఇంట్లో ఉండి వెళ్లాక పాపను మళ్లీ అడుగుతారు. అప్పటికీ దసరా అంటే, ఇద్దరూ దసరాకే వస్తారు. మధ్యలో నెలకొకసారి తల్లి వెళ్లి చూడాలి.


ఆశ్రమం అన్నయ్య
జూన్ 22, ఉదయం 8.10

మీ మాటలో బలం ఉంది. కానీ ఆ నాలుగు నెలల్లో తల్లి మళ్లీ పనికి వలస పోతే? నేను అదీ చూశాను.


డాలస్ బాబాయి
జూన్ 22, ఉదయం 8.55

ఆమె బస్సు చార్జీలు, పోయిన కూలీ నేను చూసుకుంటాను. వేదిక నిర్వాహకుల ద్వారా పంపవచ్చా?


వేదిక నిర్వాహకులు
జూన్ 22, ఉదయం 10.30

వేదిక ద్వారా డబ్బు సేకరించం, క్షమించండి. ఆశ్రమం అన్నయ్య గారితో విడిగా మాట్లాడుకోండి. ఆమె పేరు, ఖాతా వివరాలు ఇక్కడ అడగవద్దు.


తులసికోట
జూన్ 22, ఉదయం 11.15

పలకల ఊరివాడు గారూ, సమితి ముందుకు వెళ్లేరోజు పెద్దమ్మను కూడా తీసుకెళ్లండి, తల్లి పనిలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసేది ఆవిడే కాబట్టి ఆవిడ మాట అడుగుతారు. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు మాత్రం మీ జిల్లాలో ఈ వారమే ఇచ్చేయండి, పిల్లలు వచ్చాక చూద్దాంలే అనుకుంటే నెలలు గడిచిపోతాయి. వలస భయానికి అదే మందు. ఉత్తర్వు వచ్చాక దాని నకలు అడిగి తీసుకోండి, ఇవ్వాలి. అందులో ఇంటికి వచ్చాక చూసి వెళ్లేవాళ్లు ఎవరో, ఎన్నాళ్లకొకసారి వస్తారో రాసి ఉందో లేదో చదవండి. లేకపోతే అక్కడే అడిగి రాయించండి. ఆ వాక్యం లేకపోతే తర్వాత ఎవరూ రారు.